దొంగ దొరికింది

ఉదయం టిఫిన్ అయ్యాక శంకరయ్య గుండె గోలీల డబ్బా కనిపించలేదు.

"గీ కిటికీలనే పెట్టిన. ఎవరన్న తీసిన్రా?" అంటూ ఆ పెద్దాయన ఇల్లంతా వెతికాడు.

ఎవరూ తీయలేదన్నారు.

శామీర్‌పేట దగ్గర ఫాంహౌస్ అది. 2012 ఎండాకాలం. ఒక టీవీ పోటీ కోసం పదిమందిని అందులో పెట్టి తాళం వేశారు. చుట్టూ ఎత్తయిన గోడలు, మూలమూలకూ కెమెరాలు. నాలుగైదు రోజులకొకరిని బయటికి పంపేస్తారు. నలభయ్యో రోజున మిగిలినవాళ్లదే గెలుపు.

ఆ పదిమందిలో ఒకతె అయిన ఆఫ్షీన్‌ది రావల్కోల్. కుట్టుమిషన్ మీద బతికే పిల్ల. ఇరవై రెండేళ్లు. ఆడపిల్లకు టీవీలేంటని ఊరంతా అంటున్నా, తల్లి రహీమా ఒక్కతే ఎదురు నిలబడి పంపింది.

"గెలిచినా ఓడినా మంచిదే బేటా. ఇజ్జత్ మాత్రం పోగొట్టుకోకు," అంది బస్సెక్కించేటప్పుడు.

ఇంకో పోటీదారు దుర్గాబాయిది మచ్చ బొల్లారం. బడిపిల్లలకు మధ్యాహ్నం వంట చేసేది. యాభై దాటిన మనిషి. ఆఫ్షీన్‌తో మాట్లాడేదే తక్కువ. మాట్లాడితే కసురుకోవడమే.

"సగం తిని లేస్తవేందే? కూసో. తిను."

ఆఫ్షీన్‌కు ఒళ్లు మండేది.

గోలీలు పోవడానికి ముందురోజే డైరెక్టర్ గోపాలరావు ఆఫ్షీన్‌ను చిన్న గదిలోకి పిలిపించాడు.

"నీ మంచికే చెప్తున్నా. దుర్గాబాయి నిన్ను పంపించేయమంటోంది. అన్నీ నాటకాలేనట నీవి."

"నేనేం జేసిన సార్ ఆమెకు?"

"నన్నెందుకు అడుగుతావ్? టైమొచ్చినప్పుడు కెమెరా ముందు ఆమెనే అడుగు."

ఆఫ్షీన్ ఆ మాట మనసులో పెట్టుకుంది.

గోలీలు పోయిన రోజు మధ్యాహ్నం అందరినీ పెరట్లో ఆటకు పిలిచారు. వంట వంతు తనది కావడంతో దుర్గాబాయి లోపలే ఉండిపోయింది. మండే ఎండ. ఆట సగంలో శంకరయ్య కళ్లు తిరిగి పడిపోయాడు. డాక్టర్ వచ్చాడు. ఆయన లేచి కూర్చునేదాకా ఎవరి ప్రాణం వాళ్ల దగ్గర లేదు.

మైకులో గోపాలరావు గొంతు వినిపించింది.

"ఒక పెద్దమనిషి గోలీలు దొంగిలించినవాళ్లు ఈ ఇంట్లోనే ఉన్నారు. పరుపులు వెతకండి. ముందు ఆఫ్షీన్‌ది."

తోటి పోటీదారు మరియా ఆఫ్షీన్ పరుపు ఎత్తి చూసింది. ఏమీ లేదు.

మైకు మళ్లీ పలికింది.

"సరిగ్గా చూడండి. ఇంకోసారి."

మరియా దుప్పటి దులిపింది. దిండు పిసికి చూసింది. ఏమీ లేదు.

తర్వాత వరుసగా అన్నీ వెతికారు. దుర్గాబాయి పరుపు కింద డబ్బా దొరికింది.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వే తీసినవా?" అడిగింది ఆఫ్షీన్.

"దొరికింది గదా. ఇంకేమడుగుతవ్?"

"మనిషి పానం తీస్తవా? గంత పెద్దదానివి, సిగ్గు లేదా? నీ చేతి బువ్వ తిన్నందుకు నాకు అసయ్యమైతాంది. థూ!"

దుర్గాబాయి లోపలికెళ్లి పొయ్యి ఆర్పింది. సాయంత్రానికల్లా గేటు తెరిచి ఆమెను పంపేశారు.

ఆ ముక్కను వారమంతా టీవీలో తిప్పితిప్పి వేశారు. ఎంత ధైర్యంగా నిలదీసిందని జనం ఆఫ్షీన్‌కు ఓట్లు గుద్దారు. నలభయ్యో రోజున ఆమే గెలిచింది. మేడ్చల్‌లో ఫ్లెక్సీలు కట్టారు. వద్దన్న ఊరే ఎదురొచ్చి రహీమాకు సలాం చేసింది. ఆఫ్షీన్ మేడ్చల్ రోడ్డు మీద సొంతంగా టైలరింగ్ షాపు పెట్టుకుంది.

ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం, మాసిన గడ్డంతో ఒకాయన షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"గుర్తు వట్టినవా చెల్లె? నేను, ఇస్తారిని. గా ఫాంహౌస్‌ల మీకు మైకులు పెడ్తుంటి."

"అరె, రా అన్నా! కూసో. చాయ్ తెప్పిస్త."

"వద్దు. దుర్గాబాయి సచ్చిపోయింది. మట్టి జేసి అట్లనే వస్తున్న."

బట్ట కత్తిరిస్తున్న ఆఫ్షీన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ వంగింది.

"గా గోలీల దొంగనా?"

"ఆఖరుదాక గదే పేరు ఆమెకు. పిల్లల బువ్వల ఏం కలుపుతదో అని బడిల పని నుంచి తీసేసిన్రు. ఫంక్షన్ హాళ్లల్ల గిన్నెలు తోమి బతికింది. ఇయ్యాల మోయనీకి నలుగురు దొరకక నేనొక చెయ్యి పట్టిన."

"జేసింది చిన్న తప్పా అన్నా? శంకరయ్య పానం పోతుండె."

"గోలీలు తీసింది నేను."

ఆఫ్షీన్ తలెత్తింది.

"ఆటకు దొంగ గావాలె, దొరికేదాక ఇడిసేది లేదన్నడు గోపాలరావు సార్. నౌకరి పోతదని చెప్పినట్టు జేసిన."

"మరి ఆమె నోరెందుకు తెరవలే?"

"గేటు కాడ మైకు తీస్కుంట నేను గూడ గదే అడిగిన. 'వీళ్లకు దొంగ గావాలె, దొరికింది. ఇగ ఎవరి జోలికి రారు. గా ఆఫ్షీన్‌కు ఇప్పుడే చెప్పకు, ఆగమైతది' అన్నది."

"నాకా? ఏం చెప్పొద్దన్నది?"

ఇస్తారి ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"గదిల కెమెరాలు బంద్ జేసి నేను డబ్బా పెట్టింది నీ పరుపు కింద చెల్లె, నేనిట్ల తలుపు దాటంగనే, వంటింట్ల నుంచి చూసిన ఆమె దాన్ని తీస్కపోయి తన పరుపు కింద పెట్టుకున్నది."