మగదోమలు

"చంపకు ముత్యం, అది మనదే," అంది ల్యాబ్ నుంచి వచ్చిన ప్రతిమ.

మెడ మీద కొట్టుకోబోయిన చెయ్యిని ముత్యం దించేశాడు. ఎడారి దేశంలోని ఉమ్ సలాల్ తోటల్లో డబ్బాలతో దోమలు వదిలే ఈ డ్యూటీ అతనికి కొత్త.

"ఇయ్యి కుట్టయా మేడం?"

"మగవి కుట్టవు. ల్యాబ్‌లో వీటికి పిల్లలు పుట్టకుండా చేశాం. వీటితో కలిసిన ఆడదోమ గుడ్లు పెడుతుంది గానీ, ఒక్కటీ పిల్ల కాదు. అలా దోమలు తగ్గిపోతాయి."

ఫోన్ మోగింది. ఊరి నుంచి తల్లి గౌరవ్వ.

"కోడలు మమతను మల్ల కరీంనగర్ దవాఖానకు తోల్కపోతున్న బిడ్డా. నువ్వు లీవుకు అచ్చి పోయినప్పుడల్ల కడుపు పండుతదని ఎదురుసూసుడే అయితున్నది. దాంట్లనే ఏదో లోపమున్నది."

ఎప్పటిలాగే సరే అనబోయి, ముత్యం ఆగాడు. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడం, లోపం మొగదాంట్ల ఉన్నదని ఆ ఆడదోమకు ఎర్కయితదా?"

"ఎలా తెలుస్తుంది? పాపం, అది గుడ్లు పెడుతూనే ఉంటుంది."

ముత్యం మూత తీశాడు. దోమలు సన్నగా రొద చేస్తూ ఖర్జూరపు చెట్లలోకి పోయాయి.

"అవ్వా, మమతను ఏడికీ తోల్కపోకు. సూదులతోని దాని ఒళ్లంత తూట్లు పడ్డది, సాలు. ఈడ నేనే పరీక్ష చేపిచ్చుకుంట."

"నీకేమైందిరా? దేశంగాని దేశంల ఇంత కష్టం చేసెటోనివి. మొగోనివి."

డబ్బా అడుగున ఒక దోమ ఎగరకుండా ఉండిపోయింది. ముత్యం దాన్ని వేలితో మెల్లగా బయటికి తోశాడు.

"ఇయ్యి గూడ మొగయేనే, అవ్వా."