నీలం సంతకం

"ఈ సంతకం మీదేగా సార్?" అంటూ డాక్టరమ్మ పాత కాగితమొకటి మంచం మీదికి అందించింది.

పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. నాలుగుసార్లు గెలిచి, ఒకసారి మంత్రిగా వెలిగిన మనిషి. కిడ్నీలు రెండూ చెడి, ఇప్పుడు సొంత నియోజకవర్గం ఆస్పత్రిలోనే పడి ఉన్నాడు. రక్తం శుద్ధిచేసే యంత్రం ఇక్కడ ఒక్కటే ఉంది, అదీ నిన్న మొరాయించింది. దూరం తీసుకెళ్దామంటే గుండె తట్టుకోదట.

"రెండో యంత్రం కోసం మూడేళ్ళ కిందట మీ సిఫారసు ఉత్తరం పై ఆఫీసుకి పెట్టాం. వీలుపడదని అదే తిప్పి పంపారు," అంది డాక్టరమ్మ, నిష్ఠూరమేమీ లేకుండా. మెకానిక్‌కి ఫోన్ చెయ్యాలంటూ బయటికి వెళ్ళింది.

పెద్దాయన ఆ సంతకం వంక చాలాసేపు చూశాడు.

"నీలం," అన్నాడు.

మంచం పక్కన నిలబడ్డ పీఏకి అర్థమైంది. ఇరవై ఆరేళ్ళుగా నీడలా వెంట తిరిగినవాడికి వేరే చెప్పాలా! ఆకుపచ్చ సిరాతో సంతకం పెడితే పని చేసిపెట్టమని. నీలంతో పెడితే, వచ్చినవాళ్ళను నొప్పించలేక రాశాం, పక్కన పడెయ్యమని. పెద్దాయన అడిగిన పెన్ను అందించడం పీఏ పని. పై ఆఫీసుల్లో ఈ కిటుకు తెలియనివాడు లేడు. ఉత్తరం పట్టుకుని దండాలు పెట్టుకుంటూ వెళ్ళే జనానికే తెలియదు.

"అంతకుముందు ఎన్నికల్లో ఈ ఊరు నాకు ఓట్లెయ్యలేదు కదయ్యా. ఆ కడుపుమంటతో పెట్టుంటాను."

"అలా ఎందుకనుకుంటారండీ? అప్పుడు మీకు కళ్ళలో శుక్లాలు. ఏ రంగో ఏమిటో..."

"నన్ను వెనకేసుకురాకు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని ఊరికే అన్నారా? నాకంటే ముందు ఈ మంచాల మీద ఎంతమంది పోయారో! కాగితం తియ్యి."

పీఏ కొత్త ఉత్తరం రాసి, జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీశాడు. దాంతోపాటు నాలుగు పచ్చ రీఫిళ్ళు దుప్పటి మీద పడ్డాయి.

అంత నీరసంలోనూ పెద్దాయన నవ్వాడు. "ఏమయ్యా, దుకాణం పెడతావా? ఒక్క రీఫిల్ తెమ్మంటే 'రేపు తెస్తాలెండి' అనే బద్ధకిష్టివి!"

"మానేశానండి ఆ బద్ధకం."

సంతకం పూర్తయ్యేసరికి డాక్టరమ్మ తిరిగొచ్చింది. మెకానిక్ సోమవారానికి గాని రాడట. ఉత్తరం చూసి, "ఇది వెళ్ళి యంత్రం వచ్చేసరికి నెలలు పడుతుంది సార్," అంది మెల్లగా.

"నా కోసం కాదులేమ్మా."

ఆమె వెళ్ళాక పెద్దాయన పీఏ చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కటే తృప్తయ్యా. ఈ పాపంలో నీకు వాటా లేదు."

పీఏ ఆ చేతిని కళ్ళకద్దుకుని భోరుమన్నాడు. ఇప్పుడైనా చెప్పెయ్యాలనుకున్నాడు. పెద్దాయన అప్పటికే కళ్ళు మూసుకున్నాడు.

మూడేళ్ళ కిందట ఆ రోజు ఆయన అడిగింది ఆకుపచ్చ పెన్నే.