మాల్ వైపు గీతలు

"ఈ గీతలు డబ్బు పోయే దారులు అంకుల్," అంది సింధూర, ల్యాప్‌టాప్‌ను పేతురు వైపు తిప్పి. "ఏ బస్తీవాళ్లు ఏ దుకాణంలో బట్టలకు ఎంత ఖర్చు పెడుతున్నారో ఇందులో తెలిసిపోతుంది."

రెజిమెంటల్ బజార్‌లో పేతురు బట్టల దుకాణానికి ముప్పయ్యేళ్లు. రెండు నెలలుగా బేరాలు పడిపోయాయి. ఉంచాలా, అమ్మేయాలా తేల్చుకోలేక, వర్తక సంఘం చేయించిన ఈ సర్వే కోసమే ఆగాడు.

"జెర మా లాలాగూడ చూపియ్యమ్మా. నా గిరాకీ సగం మా గల్లీలదే."

సింధూర మీట నొక్కింది. ఇంటికో ఎర్ర గీత. అరవై ఇళ్ల గీతలూ కొత్త మాల్ వైపే పోయాయి.

"ఒక్కటి సుత నా దిక్కు రాలేదా?"

"సారీ అంకుల్. ప్రతి ఇంటివాళ్లనూ అడిగి, వాళ్లు చెప్పిందే గీశాం. ముందు ముందు మీ బేరం ఇంకా తగ్గుతుందనే లెక్క వస్తోంది."

"గట్లెట్ల? పక్కింటి కామాక్షమ్మ పోయిన వారమే నా దగ్గర చీర కొన్నది!"

"మొహమాటానికి ఒకటీ అరా కొంటారు. అసలు ఖర్చు మాల్‌లోనే."

పేతురు ఆమె ఇచ్చిన మ్యాపు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొహమాటానికా!

సాయంత్రానికల్లా, దుకాణం అమ్మమని ఏడాదిగా అడుగుతున్న సెల్‌ఫోన్ల వ్యాపారి సత్యదేవ్ ముందు అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టాడు.

"గింత తొందరేందన్నా? క్రిస్మస్ సీజన్ చూసుకోరాదు?" సత్యదేవే అన్నాడు.

"ఎవరి కోసం తమ్మీ? నా గల్లీయే నన్ను వద్దనుకున్నది."

షటర్ దించి, తాళాలు సత్యదేవ్ చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేశాడు. సింధూర ఇచ్చిన మ్యాపు భార్య దేవకృప ముందు పరిచాడు.

"చూడు, ఎంత మోసమో. ముప్పయ్యేండ్లు ముఖం చూసి ధర తగ్గించిన. ఇగ దుకాణం లేదు, ఏం లేదు. ఇచ్చేసిన."

"అయ్యో! నాతో ఒక్క మాటైనా అనకుండానా?"

"అనేదేముంది? అందరూ మాల్ మాల్ అంటిరి. మనమైతే ఒక్కనాడు దాని మెట్టెక్కలే!"

దేవకృప కళ్లజోడు పెట్టుకుని మ్యాపు చూసింది.

"ఆ సర్వే పిల్ల వచ్చినప్పుడు గల్లీ ఆడవాళ్లమంతా మన గేటు దగ్గరే ఉన్నామండీ."

"అయితే ఏంది?"

"కామాక్షి మాల్ అంది. ఆమెను చూసి అందరూ అదే అన్నారు. మన దుకాణంలో అమ్ముడుపోని చీరలే నేను కట్టుకుంటానని నవ్వుతారేమోనని..."

పేతురు ఆమె ముఖంలోకి చూశాడు.

"నేనూ మాల్ పేరే చెప్పాను."