అరవై రెండు పేర్లు

"పేర్లు చదవండి," అన్నాడు ఆఖరి వరసలోంచి ముసలాయన.

కొత్త కార్యదర్శి వినిపించుకోనట్టే గోడ గడియారం వైపు చూసింది. ఆరూ అయిదు.

పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు కమిటీ మీటింగంటే అదో పెద్ద తతంగం. ఆదివారం ఆరింటికి మొదలైతే తొమ్మిదైనా తెమిలేది కాదు. కిందటిసారి బనీన్లకి కాలరు ఉండాలా వద్దా అని టైలరూ, మందుల షాపాయనా గంటన్నర వాదించుకున్నారు. చివరికి తేలిందేమిటయ్యా అంటే, బనీన్లు అప్పటికే కుట్టేశారని.

ఆమె ఇల్లు చేరేసరికి కూతురు నిద్రపోయేది. వారమంతా ఆఫీసు, ఆదివారం ఈ గొడవ. తొమ్మిదేళ్ల కన్నకూతురితో నాలుగు మాటలకి మొహం వాచిపోయింది ఆ తల్లి. అందుకే కార్యదర్శి కాగానే ఒట్టు పెట్టుకుంది, ఏడింటికల్లా మీటింగు ముగించి తీరాలని.

మొదటి వేటు పేర్ల మీద పడింది.

క్లబ్బు పెట్టిన డ్రిల్లు మాస్టారు ఏనాడో చేసిన ఏర్పాటది. మనం ఎవరి కోసం కూర్చున్నామో మరిచిపోకూడదని, ముందుగా పిల్లలందరి పేర్లూ పైకి చదవాలి. అరవై రెండు పేర్లు. మధ్యలో "ఆ పిల్లాడేనా మొన్న గోలు కొట్టింది?" అని ముచ్చట్లు. ఇరవై నిమిషాలు హుష్‌కాకి.

"పేర్లన్నీ నా చేత్తో రాసి, జిరాక్స్ తీయించి అందరికీ ఇచ్చాను కదండీ," అంది. "ఇక పనిలోకి వెళ్దాం. ఎవరైనా సరే, మూడు నిమిషాలే మాట్లాడాలి."

ముసలాయన తన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన కమిటీలో మనిషి కాదు. ఆయన పిల్లలెవరూ క్లబ్బులో ఉన్నట్టు కూడా ఎవరికీ తెలీదు. తలుపు తీసి ఉంటుంది కాబట్టి ఏడాదిగా వచ్చి కూర్చుంటున్నాడు. పేర్లు వింటాడు, అవి అయ్యాక హాయిగా కునుకు తీస్తాడు. అందరూ 'చదవండిగారు' అని పేరు పెట్టేశారు. ఆయన చేసిన ఉపకారమల్లా ఒకటే. ఏళ్ల తరబడి ఆగిపోయి ఉన్న హాలు గడియారాన్ని విప్పి బాగుచేశాడు. ప్రతి ఆదివారం కుర్చీ ఎక్కి దానికి కీ ఇచ్చేవాడు.

ఆ రోజు ఏడింటికి అయిదు నిమిషాలుండగానే మీటింగు అయిపోయింది.

"ఇంత తొందరగా వెళ్తే మా ఆవిడ నాకేమైందోనని హడలిపోతుందమ్మా," అన్నాడు టైలరు.

ఇంట్లో కూతురు మెలకువగానే ఉంది. పరిగెత్తుకొచ్చి ఒళ్లో తలపెట్టింది.

"అమ్మా, మా గోల్‌కీపర్ వాళ్ల తాతయ్య రోజూ ప్రాక్టీసుకొస్తాడు. నాకు తాతయ్య లేడా?"

ఆమె తండ్రి ఆమె చిన్నప్పుడే పోయాడు. భర్త తండ్రి ఉన్నాడు, ఎక్కడో. పెళ్లి వద్దన్నాడు, రాలేదు, అంతే. ఆమె ఆయన మొహం కూడా ఎరగదు. ఆ ఊసెత్తితే భర్త మండిపడతాడు. పోయిన తల్లి పేరు మాత్రం కూతురికి పెట్టుకున్నాడు.

"లేడు," అన్నాడు భర్త, అటు తిరిగి.

మరుసటి ఆదివారం మీటింగయ్యాక ముసలాయన దగ్గరికొచ్చాడు.

"అమ్మా, పేర్లు..."

"కాగితం ఇచ్చానుగా, బాబాయిగారూ."

"అది చూసుకోడానికే తల్లీ. ఎవరైనా నోరారా పిలిస్తే వినాలని ఉంటుంది."

"సరే, వచ్చే ఆదివారం చదువుతాలెండి," అంది, బండి తాళాలు తీసుకుంటూ.

"తప్పకుండానా?"

"తప్పకుండా."

ఆ ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. ఆమెకి గుర్తే లేదు. ఇంటికొచ్చి కూతురికి అన్నం కలుపుతుంటే గుర్తొచ్చింది.

"అయ్యో, పెద్దాయన!" అనుకుంది. పోనీలే, మళ్లీవారం.

మళ్లీవారం కుర్చీ ఖాళీ. గడియారం నాలుగుంపావు దగ్గర ఆగి ఉంది.

"ఆయన ఇల్లెక్కడండీ?" అని అందరినీ అడిగింది. ఒక్కరికీ తెలీదు. ఏడాదిగా ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు ఆమె పేర్లు చదివింది. పేరు పేరుకీ తలుపు వైపు చూస్తూ, తొందరపడకుండా అరవై రెండూ చదివింది. ఎవరూ రాలేదు.

ఇంటికొచ్చేసరికి భర్త వాకిట్లో కూర్చుని ఉన్నాడు. తల తడిగా ఉంది. పక్కన ఒక గుడ్డసంచి.

"నాన్న పోయాడు," అన్నాడు. "రాత్రి నిద్రలోనేనట. పొద్దున ఫోనొచ్చింది. నీకెలా చెప్పాలో తెలీక ఒక్కణ్నే వెళ్లొచ్చాను."

ఆమె పక్కన కూలబడింది.

"ఈ ఊళ్లోనే ఉన్నాడే. ఏడాది కిందట గ్రౌండు దగ్గరికొచ్చి, పాపని చూస్తానన్నాడు. ఇంకోసారి మా కంటపడొద్దని తరిమేశాను. మళ్లీ పడలేదు. మొండివాడు, మాటంటే మాటే." సంచిని ఆమె వైపు జరిపాడు. "ఆ సంచి విప్పే ధైర్యం నాకు లేదు. నువ్వే చూడు."

ఆమె విప్పింది. కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం. సన్నటి స్క్రూడ్రైవర్లు. ఒక గడియారం కీ. నాలుగు మడతల కాగితం.

మడతలు తీసింది. తన చేతిరాతే.

నలభై ఒకటో పేరు, తన కూతురిది. దాని కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది.

చదవమ్మా, చదవమ్మా అని మామగారు తనని ఇన్నాళ్లూ బతిమాలుకున్నది ఈ ఒక్క పేరే.