వెనకాల లైట్లు

"ఏ దారిన పోతావమ్మా?"

బ్యాలెట్ పెట్టెకు సీలు వేస్తున్న నోరీన్ చెయ్యి ఆగిపోయింది.

గుమ్మంలో ఆ ముసలాయన. పోలింగు జరిగిన ఈ చర్చి హాల్లో పొద్దుటినుంచీ తలుపు పక్కనే కూర్చుని, ఆమెనూ పెట్టెనూ మార్చి మార్చి చూస్తున్నాడు. పేరు చెప్పడు. కాఫీ ఇస్తే మాత్రం వద్దనడు.

నోరీన్ ఈ ఇడాహో కొండ ఊరికి కొత్త. ఎన్నికల పనికీ కొత్తే.

"మీకెందుకండీ?"

"కనుమ దారేనా? ఒక్కదానివేనా?"

ఒక్కతే. రెండు పార్టీల మనుషులు కలిసి పెట్టెను జిల్లా కేంద్రానికి చేర్చాలి. రెండో పార్టీ ఆవిడకు జ్వరం. పైగా మొన్ననే ఎవడో ఫోన్ చేసి, "పెట్టె దారిలోనే మాయమవుతుంది" అని బెదిరించాడు.

పార్టీలు అభ్యర్థుల్ని తేల్చుకునే ప్రైమరీని మార్చి నుంచి జూన్‌కు మార్చాలా వద్దా అని ఈరోజే రాష్ట్రమంతా ఓటేసింది. ఊరు రెండుగా చీలి ఉంది.

"మార్చిలో పెడితే ఎవరి కొంప మునిగిందట?" అని మధ్యాహ్నం ఒకతను వెక్కిరించాడు.

"మంచు కరిగాక పెట్టుకుంటే ఎవరి సొమ్మూ పోదు," అన్నాడు ముసలాయన. అంతకుమించి నోరు విప్పలేదు.

ఇప్పుడు మాత్రం గుమ్మంలోంచి పక్కకు జరుగుతూ అన్నాడు.

"నిదానంగా పో. నేను వెనకే ఉంటా."

ఆమె పెట్టెను గుండెకు హత్తుకుని కారు వైపు పరుగుతీసింది.

కనుమ ఎక్కుతుండగా మంచు మొదలైంది. అద్దంలో రెండు లైట్లు. ఆమె వేగం పెంచితే అవీ పెంచాయి. తగ్గిస్తే తగ్గాయి.

జిల్లా పోలీసు అధికారి షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేసింది. వాళ్లు ఆ దారిలో గస్తీ తిరుగుతున్న పోలీసు డిప్యూటీకి కలిపారు.

"ఒకడు నన్ను వెంటాడుతున్నాడండీ! పెట్టె కోసమే!"

"మీ దారిలోని వంతెన దగ్గరే ఉన్నాను. మీరు దాటగానే వాణ్ణి ఆపేస్తా."

అన్నంత పనీ చేశాడు. వెనకాల లైట్లు ఆగిపోయాయి.

నోరీన్ హమ్మయ్య అనుకుని వేగం పెంచింది.

చాలా దూరం పోయాక, కనుమ పైనున్న పెద్ద మలుపులో చక్రాలు జారాయి. కారు రోడ్డు దిగి, ఒరిగి, మంచులో కూరుకుపోయింది. కాలు ఇరుక్కుంది. వెనక్కి చూస్తే అంతా చీకటి. ఇందాకటి భయం ఈ భయం ముందు ఏపాటిది!

మళ్లీ ఫోన్ చేసింది.

"కారు పడిపోయిందండీ... తొందరగా రండి!"

"అయ్యో! కింద ఇంకో ప్రమాదం దగ్గరికి వచ్చేశానే. పైకి రావాలంటే చాలాసేపు పడుతుంది."

"ఆ ముసలాయన? ఆయనైనా దగ్గర్లో ఉన్నాడా?"

"మీరు భయపడ్డారని వెనక్కి పంపేశాను. గొడవేం చెయ్యలేదు. 'ఆ పిల్లను మలుపు దగ్గర నిదానించమను' అన్నాడంతే. చెప్దామనుకునేలోపే మీరే ఫోన్ చేశారు."

"ఎవరండీ ఆయన?"



"ప్రైమరీ తేదీ మార్చమని ఊరూరా తిరిగి సంతకాలు పోగుచేసింది ఆయనేనట. ఇప్పుడే మా ఆఫీసువాళ్లు చెప్పారు. ఆరేళ్ల కిందట మార్చి ప్రైమరీ నాడు, ఇలాగే ఒక్కతే పెట్టె తీసుకెళ్తూ ఆ మలుపులోనే పడి, వెనకాల ఎవరూ లేక తెల్లారేసరికి గడ్డకట్టుకుపోయిన మనిషి... ఆయన భార్యేనండీ."