టైమంటే టైమే

ఉజ్మా పరుగున వచ్చేసరికి బడి గేటుకు గొలుసు పడింది. ఒక చేత్తో చువ్వ పట్టుకుంది. రెండో చెయ్యి మాత్రం వీపు వెనకే, చున్నీ చాటునే ఉండిపోయింది.

“ఆగు! గక్కడనే ఆగు!” లోపలి నుంచి హెడ్మాస్టర్ గుర్వయ్య సారు వేలు చూపించాడు. “ఇది బడా, అంగడా? ఎప్పుడువడితె అప్పుడు వస్తవా?”

ప్రార్థనకు నిలబడ్డ వరసలన్నీ గేటు వైపు తిరిగాయి. సారుకు కావలసిందీ అదే. వినేవాళ్లు లేకపోతే ఆయనకు కోపమే రాదు.

గేటు పక్క గోడ మీద ఆయన రాయించిన కొత్త నియమాలు ఎర్రగా మెరుస్తున్నాయి. ఆలస్యంగా వస్తే లోపలికి రానివ్వరు. మూడోసారి వస్తే టీసీ. సెల్‌ఫోన్ తెస్తే ఆ రోజే టీసీ. ఉజ్మాకు ఇది మూడోసారి. టీసీ చేతిలో పడితే తండ్రి నూరుద్దీన్ ఇంకో బడి వెతకడు. “ఇగ బడి బంద్, పత్తి ఏరవో” అని పొద్దున అన్నం దగ్గరే చెప్పేశాడు.

“ఎందుకు లేటైంది?”

“బస్సు, సార్...”

“బస్సు! కోస్గి బస్సు లేకుంటె మీకు సాకులే దొరకవు. నన్ను చూడు. ఎనిమిదింటికే వచ్చి కుర్చీల కూసున్న. నేనెట్లొచ్చిన? నాకేమన్న రెక్కలున్నయా?”

రెక్కలైతే లేవు. ఎనిమిదింటి నుంచి ఫ్యాను కింద కూర్చున్నానంటున్న మనిషికి చొక్కా మాత్రం తడిసి, నలిగి, వీపుకు అతుక్కుపోయి ఉంది.

“సార్, గిది...” ఉజ్మా గొంతు చువ్వలు దాటలేదు.

“ఎదురు మాట్లాడకు! ఆ వెనక ఏం దాస్తున్నవ్?”

ఉజ్మా తల వంచుకుంది. ఇంతమంది ముందు చూపించడం బాగుండదు. గేటు తీస్తే పక్కకు పోయి మెల్లగా ఇచ్చేద్దామని ఆమె ఆశ.

“సెల్‌ఫోన్!” సారు ముఖం వెలిగిపోయింది. “చూసిన్రా ఇస్రాయేలు సార్? లేటుకు లేటు, పైనుంచి ఫోను. ఒక్క టీసీల రెండు కారణాలు రాయొచ్చు.”

“పోనియ్యండి సార్,” అన్నాడు డ్రిల్లు సారు ఇస్రాయేలు. “మంచిగ చదివే పిల్ల.”

“చదివేటోళ్లకే ముందుగాల క్రమశిక్షణ గావాలె.” గుర్వయ్య సారు వరసల వైపు తిరిగి గొంతు పెంచాడు. “టైమంటే టైమే! రూలు నాకైనా రూలే. గీ పిల్ల వచ్చినంత లేటుగ నేను వచ్చిన నాడు, నేను గూడ గీ గేటు బయటనే నిలబడుత. లోపటికి రాను. అందరు యాదుంచుకోన్రి!”

చప్పట్లు కొట్టాలో వద్దో పెద్ద తరగతుల వాళ్లకు తెలియలేదు. ఆరో తరగతి వాళ్లు కొట్టేశారు. సారు చెయ్యెత్తి వాళ్లను ఆపాడు, సన్మానంలో ఆపినట్టు.

“సావిత్రమ్మా, గేటు తియ్యి. ఆ ఫోను గుంజుకొని అందరికి చూపియ్యి.”

బడి ఊడ్చే సావిత్రమ్మ గొలుసు విప్పింది. “ఏముందో చూపియ్యి బిడ్డా, బుగులు పడకు” అంది.

ఉజ్మా చెయ్యి ముందుకొచ్చింది. అందులో పచ్చరంగు గుడ్డసంచి. సంచిలో మూడు గిన్నెల స్టీలు టిఫిను. పప్పుచారు ఒలికి సంచి అడుగంతా తడిసింది.

వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఎవనిదే గీ టిఫిను...” అంటూ ముందుకు వచ్చిన సారు, సంచిని చూసి అక్కడే ఆగిపోయాడు.

ఎన్నడూ రెండో బెంచీ దాకా కూడా వినబడని ఉజ్మా గొంతు, ఇప్పుడు చిట్టచివరి వరసకూ వినబడింది.

“మీదే సార్. ఇప్పుడే బస్సుల రష్ ఉన్నదని, ఎవరని చూడకుండనే నా ఒళ్లె పెట్టి నిలబడ్డరు గదా, నాకంటె ముందు దిగి మర్చిపోయి ఉరికిన్రు.”