ఏటికి అడ్డంగా

మేత కోసం ఏటి నడుమ లంకలోకి వెళ్లిన ఏనుగుల మందను వరద చుట్టుముట్టింది. అవతలి ఒడ్డుకు చేరకపోతే లంకతో పాటు గున్నలన్నీ మునిగిపోతాయి. మందకు పెద్దదైన కొండమ్మ ఏటి వంక చూసింది. ఒకప్పుడు ఆమె అక్కను లాక్కుపోయిన ఏరు అదే.

"పెద్దదానివి, నువ్వే ముందు దాటు. నీ వెనకే మేం వస్తాం," అన్నాడు వీరడనే కుర్ర ఏనుగు.

"దారి నువ్వు చూపించు నాయనా. నాకు వేరే పనుంది," అంటూ కొండమ్మ నీళ్లలోకి దిగి ప్రవాహానికి అడ్డంగా నిలబడింది. ఆమె ఒంటికి కొట్టుకుని ఏటి వడి విరిగింది. ఆ చాటున నెమ్మదించిన నీళ్లలో గున్నలు తల్లుల తోకలు పట్టుకుని వీరడి వెనక దాటాయి. మధ్యలో కొట్టుకొచ్చిన మాను ఒకటి ఆమె డొక్కలో గుద్దింది. మూలిగింది కానీ కదల్లేదు.

అందరూ దాటాక చివరికి తనూ ఒడ్డెక్కింది. ఎక్కగానే నాలుగు కాళ్లూ గడగడ వణకసాగాయి.

వీరడు బిత్తరపోయాడు. "అత్తా, నీకూ భయమేనా?"

"పొద్దుటినుంచీ భయమే రా. మీరంతా దాటేదాకా వణికే తీరిక దొరకలేదు, అంతే."

వీరడు ఆ వణుకు తగ్గేదాకా ఆమె పక్కన ఒరుసుకుని నిలబడ్డాడు.